మదనపల్లె మార్గరెట్ కజిన్స్: జనగణమన సరే, ఓటు సంగతి ఎవరికి గుర్తుంది?

మదనపల్లె_మల్లి:
అందరికీ నమస్కారం. మా ఊళ్ళో బీటీ కాలేజీ (బెసెంట్ థియసాఫికల్ కాలేజీ) మాట ఎత్తితే చాలు, "జనగణమనకి బాణీ కుదిరింది ఇక్కడే" అంటారు. 1919 ఫిబ్రవరిలో టాగూర్ వచ్చి పాడారు, కాలేజీలో ఉన్న మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిపెట్టారు. గొప్ప సంగతే, మా పిల్లలకి ఒకటో తరగతి నుంచీ చెప్తాం. కానీ నన్ను ఎప్పుడూ ఒకటి బాధపెడుతుంది. ఆవిడ మన దేశానికి చేసిన పెద్ద పని అది కాదు. ఈ దేశంలో ఆడవాళ్ళకి ఓటు కావాలని ప్రభుత్వం ముందు పెట్టిన మొదటి అర్జీ వెనక ఉన్న మనిషి ఆవిడ. అదీ మదనపల్లెలో కాపురం ఉంటున్న రోజుల్లోనే.

మా స్కూల్లో పదో తరగతి ఆడపిల్లలు గోడ పత్రిక వేస్తున్నారు. ఈసారి ఆవిడ గురించి వేద్దామన్నాను. పాటకి నాలుగు లైన్లు చాలు, మిగతాదంతా ఓటు గురించే ఉండాలి. తెలిసినవాళ్ళు తెలిసినంత రాయండి, పిల్లలకి అర్థమయ్యేలా.

పాత_కాగితాలు:
మల్లి గారూ, మంచి పని. ఆవిడ ఇక్కడికి వచ్చి కార్యకర్త అయిన మనిషి కాదు, అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

పుట్టింది 1878లో, ఐర్లండ్‌లోని బాయిల్ అనే చిన్న ఊళ్ళో. సంగీతంలో డిగ్రీ చేశారు. 1903లో కవి జేమ్స్ కజిన్స్‌ని పెళ్ళి చేసుకున్నారు. 1908లో హానా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐర్లండ్ మహిళా ఓటు హక్కు లీగ్ పెట్టారు. 1910లో లండన్ వెళ్ళి, మంత్రుల ఇళ్ళ కిటికీలు పగలగొట్టి హాలోవే జైల్లో నెల రోజులు ఉన్నారు. 1913 జనవరిలో డబ్లిన్ కోటలో అద్దాలు పగలగొట్టి టల్లమోర్ జైలుకు వెళ్ళారు. రాజకీయ ఖైదీలుగా చూడాలని అక్కడ నిరాహార దీక్ష చేసి సాధించుకున్నారు.

1915లో భార్యాభర్తలిద్దరూ మద్రాసు వచ్చారు. జేమ్స్‌కి థియసాఫికల్ సొసైటీ నాయకురాలు అనీ బెసెంట్ పత్రిక న్యూ ఇండియాలో ఉద్యోగం. 1916లో ఐర్లండ్ తిరుగుబాటును మెచ్చుకుంటూ ఆయన రాసినదానితో ఆ ఉద్యోగం పోయింది. బెసెంట్ ఆయన్ని మదనపల్లె కాలేజీకి పంపించారు. అలా మీ ఊరికి వచ్చారు.

డబ్లిన్_తెలుగమ్మాయి:
నేను ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాను. ఇక్కడివాళ్ళకి ఆవిడ ముందు సఫ్రజెట్ (ఆడవాళ్ళ ఓటు కోసం పోరాడిన మనిషి), తర్వాతే మిగతావన్నీ. మన దగ్గర ముందు జనగణమన. ఒకే మనిషిని రెండు దేశాలు చెరి సగం గుర్తుపెట్టుకున్నాయి.

ఒక విషయం పిల్లలకి తప్పకుండా చెప్పండి. ఆవిడ ఐర్లండ్‌లో జైలుకెళ్ళింది ఓటు కోసం. ఆ ఓటు చేతికి రాకముందే దేశం వదిలేశారు. ఇక్కడ 1918లో ముప్పై దాటిన ఆడవాళ్ళకి, అదీ షరతులతో ఓటు వచ్చింది. 1922లో స్వతంత్ర ఐర్లండ్ ఇరవై ఒకటి నిండిన అందరికీ ఇచ్చింది. అప్పటికి ఆవిడ మద్రాసులో ఉన్నారు. తనకి రాని ఓటు కోసం ఒక దేశంలో జైలుకెళ్ళి, ఇంకో దేశంలో ఇంకొకళ్ళ ఓటు కోసం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడం, ఆ ఓపిక గురించి తలుచుకుంటే నాకు నిజంగా దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

(ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ కుర్రాడిగా ఉన్నప్పుడు, 1904లో, వీళ్ళింట్లో కొద్ది రోజులు తలదాచుకున్నాడు. సాహిత్యం ఇష్టమున్న పిల్లలుంటే చెప్పండి.)

రాయలసీమ_రవి:
అందరి పోస్టులూ చదివాను. గౌరవంగానే అడుగుతున్నాను, కోపం వద్దు. బయటి నుంచి వచ్చిన ఒక తెల్లావిడ మనకి ఓటు తెచ్చిపెట్టింది అని పిల్లలకి చెప్పడం సబబేనా? ఆవిడ రాకముందే మన ఆడవాళ్ళు సంఘాలు పెట్టలేదా? భండారు అచ్చమాంబ గారు 1902లోనే బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఊళ్ళు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించారు. ముప్పై ఏళ్ళకే పోయారు పాపం. ఆమె పేరు ఎంతమంది పిల్లలకి తెలుసు?

ఇంకోటి. 1921లో మద్రాసులో ఓటు వచ్చింది అంటారు. ఎవరికి? ఆస్తి ఉన్నవాళ్ళకి, పన్ను కట్టేవాళ్ళకి. మా ముత్తవ్వ వేరుశనగ చేలో కూలికి పోయేది. ఆమెకి ఏమొచ్చింది?

మదనపల్లె_మల్లి:
రవి గారూ, కోపం ఎందుకండీ, ఈ ప్రశ్నలు గోడ పత్రికలో కూడా ఉండాలి. అచ్చమాంబ గారి పేరు పైనే వేయిస్తాను. బందరులో, కాకినాడలో, రాజమండ్రిలో ఆడవాళ్ళు ఒకచోట కూర్చోవడం, చదువుకోవడం, పత్రికలకి రాయడం అలవాటు చేసుకోకపోతే కజిన్స్ లాంటి ఆవిడ వచ్చినా చేయగలిగేది ఏమీ ఉండేది కాదు.

మదనపల్లెలో కూడా అబలాభివర్ధినీ సమాజం అని చిన్న ఆడవాళ్ళ సంఘం నడిచింది. థియసాఫికల్ సొసైటీకి చెందిన డొరొతీ జినరాజదాస దాన్ని చూసి, ఇలాంటివి ఊరూరా ఉండి, అన్నిటినీ కలిపే సంస్థ ఒకటి ఉంటే బాగుంటుంది అనుకున్నారు. 1917 మే 8న మద్రాసు అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టడానికి అదొక కారణం. బెసెంట్ అధ్యక్షురాలు, డొరొతీ, మార్గరెట్ కార్యదర్శులు. శాఖల్లో చదువు చెప్పడం, కుట్టుపని, ప్రథమ చికిత్స, ఉపన్యాసాలు. 1918 నుంచి స్త్రీధర్మ అని పత్రిక వేశారు. అందులో ఇంగ్లీషుతో పాటు తెలుగు, తమిళం కూడా ఉండేవి. అంటే మన భాషలో చదువుకునే ఆడవాళ్ళని దృష్టిలో పెట్టుకునే నడిపారు.

పాత_కాగితాలు:
ఇప్పుడు 1917 డిసెంబరు 18 దగ్గరికి వద్దాం. నా మటుకు ఈ కథంతటికీ ఆయువుపట్టు అదే.

ఆ ఏడాది భారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మాంటేగు లండన్ నుంచి వచ్చి, వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌తో కలిసి దేశం తిరుగుతున్నాడు. రాబోయే సంస్కరణల మీద అందరి మాటా వింటున్నారు. కులసంఘాలు, జమీందారులు, వర్తకులు, పార్టీలు అందరూ అర్జీలు పట్టుకుని వరస కట్టారు. మార్గరెట్ కూడా ఆడవాళ్ళ తరఫున అపాయింట్‌మెంట్ అడిగారు. ఆవిడ అడిగింది ఆడపిల్లల చదువు గురించి మాట్లాడటానికి. జవాబు ఏమొచ్చిందంటే, రాజకీయ విషయాలైతేనే వింటాం, మిగతా వాటికి సమయం లేదు అని.

ఇంకెవరైనా అయితే ఊరుకునేవాళ్ళు. ఆవిడ ఊరుకోలేదు. రాజకీయమే కావాలా, అయితే రాజకీయమే అడుగుదాం అని అర్జీలో ఓటు చేర్చారు. ఓటు హక్కు ఎవరికో రాసేటప్పుడు ప్రజలు అన్న మాటలో ఆడవాళ్ళు కూడా ఉన్నట్టు రాయండి, ఆడవాళ్ళు అన్న ఒక్క కారణంతో అనర్హులు అనకండి, మగవాళ్ళకి ఏ అవకాశం ఇస్తే మాకూ అదే ఇవ్వండి. సారాంశం ఇదే. దాంతోపాటు చదువు, వైద్యం, ప్రసూతి సదుపాయాల కోరికలూ పెట్టారు.

ఇంకో తెలివైన పని కూడా చేశారు. తాను ముందు నిలబడలేదు. బృందానికి నాయకత్వం సరోజినీ నాయుడు గారిది. హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి, అప్పటికే దేశమంతా తెలిసిన కవయిత్రి. బృందంలో బేగం హస్రత్ మోహానీ లాంటివాళ్ళు ఉన్నారు. మార్గరెట్, డొరొతీ వాళ్ళ పక్కన నడిచారు. రవి గారు అడిగిన తెల్లావిడ ప్రశ్నకి ఆరోజే ఆవిడ జవాబిచ్చారని నేననుకుంటాను. రాసింది, ఉత్తరాలు పంపింది, మనుషుల్ని కూడగట్టింది తను. మాట్లాడింది మనవాళ్ళు.

వకీలు_సరస్వతి:
ఆ అర్జీ తర్వాత ఏమైందో చెప్తాను, ఎందుకంటే అడగ్గానే ఇచ్చేశారని పిల్లలు అనుకుంటారు.

1918లో వచ్చిన సంస్కరణల నివేదికలో ఆడవాళ్ళ ఓటు ఊసే లేదు. తర్వాత ఓటు ఎవరికివ్వాలో తేల్చడానికి లార్డ్ సౌత్‌బరో కమిటీ వచ్చింది. పరదా ఉన్న దేశంలో ఇది కుదరదు, సమాజం ఇంకా సిద్ధంగా లేదు అంది. ఆ కమిటీకి ఎన్ని అర్జీలు వెళ్ళాయో, ఎన్ని శాఖలు తీర్మానాలు చేశాయో తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. 1919లో సరోజినీ నాయుడు, బెసెంట్, బొంబాయి నుంచి హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠన్ లండన్ వెళ్ళి పార్లమెంటు వాళ్ళ ముందు వాదించారు.

అప్పుడు పార్లమెంటు ఏం చేసిందో జాగ్రత్తగా చూడండి. ఓటు ఇవ్వలేదు, పూర్తిగా కాదనీ అనలేదు. నిబంధనల్లో ఆడవాళ్ళని అనర్హులుగానే ఉంచింది. కానీ ఏ ప్రావిన్స్ శాసనసభ అయినా తీర్మానం చేస్తే అక్కడ ఆ అనర్హత పోతుంది అంది. భారం మనమీదికి తోసేసింది. అలా తోసేయడమే మనకి మేలైంది, ఎందుకంటే ఊరూరా శాఖలున్న సంఘానికి లండన్ కంటే మద్రాసు దగ్గర. సభ్యుల్ని ఇంటికెళ్ళి కలవొచ్చు, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళతో మాట్లాడొచ్చు.

1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనసభ తీర్మానం చేసింది. బ్రిటిష్ ఇండియాలో మొదటిది మనదే (సంస్థానాల్లో తిరువాంకూరు అంతకు ముందే ఇచ్చింది). అదే ఏడాది బొంబాయి. బెంగాల్ 1925 దాకా ఆగింది, బీహార్ 1929 దాకా. ఆ మద్రాసు ప్రావిన్స్‌లో మన కోస్తా, సీమ జిల్లాలన్నీ ఉన్నాయి. 1923 ఎన్నికల్లో బెజవాడలోనో కడపలోనో అర్హత ఉన్న ఆడవాళ్ళు ఓటేసే వీలు కలిగింది అలాగే.

రవి గారి రెండో ప్రశ్న న్యాయమైనది. మగవాళ్ళకి ఉన్న ఆస్తి, పన్ను షరతులే ఆడవాళ్ళకీ పెట్టారు. ఆడవాళ్ళ పేరున ఆస్తి ఎక్కడిది? అందుకే చాలా కొద్దిమందికే వచ్చింది. కూలి చేసుకునే మగవాడికీ రాలేదు, ఆడమనిషికీ రాలేదు.

రాయలసీమ_రవి:
సరస్వతి గారూ, స్పష్టంగా చెప్పారు, థ్యాంక్స్. అయితే ఆ సంఘాల వాళ్ళు అక్కడితో సంతృప్తి పడి ఆగిపోయారా?

వకీలు_సరస్వతి:
లేదు. నాకు వాళ్ళమీద గౌరవం పెరిగింది అక్కడే. 1930ల మొదట్లో ప్రభుత్వం మళ్ళీ చట్టం రాయబోతుంటే, ఓటరు భార్యకి ఓటు ఇస్తాం, చదువొచ్చినవాళ్ళకి ఇస్తాం, కొన్ని సీట్లు విడిగా ఇస్తాం అంది. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్, అఖిల భారత మహిళా సభ వంటివి కలిసి అవేవీ వద్దన్నాయి. వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు, ఆస్తి లెక్క లేదు, మొగుడి లెక్క లేదు, ప్రత్యేక సీట్లు లేవు. ఇదీ వాళ్ళు పెట్టిన కోరిక. మీ ముత్తవ్వ అందులో ఉంది రవి గారూ. ప్రభుత్వం వినలేదు, 1935 చట్టంలో భర్త ఆస్తి మీద భార్యకి ఓటు అన్న పద్ధతే పెట్టింది. దాంతో సుమారు 60 లక్షలమంది ఆడవాళ్ళకి ఓటు వచ్చింది. అందరికీ వచ్చింది రాజ్యాంగంతోనే. కానీ రాజ్యాంగ సభ దాన్ని పెద్ద గొడవ లేకుండా ఒప్పుకుందంటే, అంతకు ముప్పై ఏళ్ళుగా ఎవరో అడుగుతూ వచ్చారు కాబట్టి. ఆ సభలో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి గారు కూర్చున్నారు.

బందరు_పిన్ని:
అమ్మాయిలూ, అబ్బాయిలూ, చాలా బాగా రాస్తున్నారు. నేను టీచరుగా చేసి రిటైరయ్యాను, ఎన్నికల డ్యూటీలు బోలెడు చేశాను. ఓటు వచ్చాక కూడా పేరు ఎక్కడం ఎంత కష్టమో ఒక మాట చెప్తాను.

మొదటి సాధారణ ఎన్నికలప్పుడు, 1951-52లో, జాబితా రాయడానికి ఇళ్ళకి వెళ్తే ఉత్తరాదిలో చాలాచోట్ల ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అని రాయించుకున్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా కుదరదు, సొంత పేరు ఉండాల్సిందే అన్నారు. చివరికి సుమారు 28 లక్షలమంది పేర్లు జాబితా నుంచి పోయాయి. అంతమందికి ఓటు హక్కు ఉంది, ఓటు లేదు.

మా వైపు ఆ సమస్య అంత లేదు గానీ ఇంకోటి ఉంది. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిన పిల్ల పేరు పుట్టింటి జాబితాలో కొట్టేస్తారు, అత్తారింట్లో ఎక్కించరు. నేను పోలింగు బూత్‌లో కూర్చున్నప్పుడు, చంకలో పిల్లాడితో ఒక అమ్మాయి వచ్చి చీటీ చూపించింది. జాబితాలో వేలు పెట్టి పైనుంచి కిందికి, మళ్ళీ కిందనుంచి పైకి వెతికాం. ఇంటిపేరు మారింది, వీధి మారింది, మనిషి ఎక్కడా లేదు. "మా ఆయన పేరు ఉంది కదమ్మా, నాది ఎందుకు లేదు?" అంది. ఏం చెప్పను? పంపించేశాను. గోడ పత్రికలో ఓటు చరిత్రతో పాటు ఇదీ రాయించమ్మా మల్లీ.

డబ్లిన్_తెలుగమ్మాయి:
పిన్ని గారూ, చదువుతుంటే గుండె బరువెక్కింది. మా అక్కకి అచ్చం ఇలాగే జరిగింది, రెండు ఎన్నికలు పోయాయి.

పాత_కాగితాలు:
పిన్ని గారి మాట చదివాక మార్గరెట్ కజిన్స్ తర్వాతి పనులు చెప్పాలనిపించింది. ఓటు వచ్చింది కదా అని ఆవిడ చేతులు దులుపుకోలేదు.

1922లో ఆవిడని సైదాపేటలో గౌరవ మేజిస్ట్రేటుగా వేశారు. దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ అంటారు. 1926లో ఆడవాళ్ళు శాసనసభకి పోటీ చేయొచ్చు అని రాగానే, మంగళూరులో ఉన్న కమలాదేవి చట్టోపాధ్యాయని వెంటపడి నిలబెట్టారు. చేతిలో సమయం లేదు, డబ్బు లేదు. ప్రచారం చేశారు. కమలాదేవి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు, కానీ ఓ ఆడమనిషి నిలబడి దాదాపు గెలిచినంత పని చేసింది అని దేశమంతా చూసింది. ఆ ఎన్నికల తర్వాత డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిని సభకి నామినేట్ చేశారు, ఉపాధ్యక్షురాలు అయ్యారు. దేవదాసీ పద్ధతి మీద ఆమె మొదలుపెట్టిన పోరాటం 1947లో చట్టంగా ముగిసింది. మన తెలుగు జిల్లాల్లో ఎన్ని కుటుంబాల తలరాత దాంతో మారిందో చెప్పక్కర్లేదు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో రుక్మిణీ లక్ష్మీపతి గారు ఆరోగ్య మంత్రి అయ్యారు. ఓటుతో మొదలై మంత్రి పదవి దాకా పాతికేళ్ళు.

1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదటిసారి కూడింది. దాని కోసం దేశంలోని మహిళా సంఘాలకి ఉత్తరాలు రాసి పిలిచింది ఆవిడే. ముందు ఊళ్ళల్లో సమావేశాలు పెట్టుకోండి, అక్కడ తేల్చుకున్నది పట్టుకుని రండి అని.

రాయలసీమ_రవి:
వేలూరు జైలు సంగతి కూడా చెప్పండి సార్. నేను వెతికి చదివాను. 1932లో ప్రభుత్వం ఆర్డినెన్సులు పెట్టి నోళ్ళు నొక్కేస్తుంటే, వాటికి వ్యతిరేకంగా బహిరంగంగా మాట్లాడి ఏడాది శిక్ష వేయించుకున్నారు. అప్పటికి యాభై నాలుగేళ్ళు. లండన్‌లో ఒకసారి, ఐర్లండ్‌లో ఒకసారి, మన దగ్గర ఒకసారి. అన్నిసార్లూ ఒకే సామ్రాజ్యం జైళ్ళు. ఇది చదివాక ఆవిడ బయటి మనిషి అన్న ఆలోచన నాకు ఇంక రావడం లేదు.

అయితే ఒకటి నచ్చింది. 1930ల్లో ఆవిడే స్వయంగా, ఇప్పుడు ముందుకొస్తున్న భారతీయ స్త్రీ నాయకులకి నేను నేరుగా ఉండాల్సిన అవసరం లేదు అని తెలుసుకుని వెనక్కి తగ్గారట. పోరాటంలో ఉండాలని మనసు లాగుతున్నా సరే. ఎంతమంది నాయకులు అలా తగ్గుతారు?

మదనపల్లె_మల్లి:
రవి గారూ, మీ ఈ పోస్టు ఉన్నదున్నట్టు గోడ మీద పెట్టించమంటారా? మీ మొదటి పోస్టు పక్కనే.

చివరి రోజుల గురించి కూడా చెప్పి పిల్లలకి ఇస్తాను. 1940ల్లో పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. మద్రాసు ప్రభుత్వం, తర్వాత నెహ్రూ గారు ఆర్థికంగా ఆదుకున్నారు. 1954 మార్చి 11న పోయారు. అంటే స్వతంత్ర భారతదేశంలో ఆడవాళ్ళందరికీ ఓటు హక్కు ఉన్న మొదటి ఎన్నికలు ఆవిడ బతికుండగానే జరిగాయి.

రాయలసీమ_రవి:
తప్పకుండా పెట్టించండి. రెండూ నా మాటలే.

వకీలు_సరస్వతి:
మల్లి గారూ, పిన్ని గారు చెప్పినదానికి ఒక పని కూడా జత చేయండి. కొత్తగా పద్దెనిమిది నిండినవాళ్ళకి ఫారం 6, ఇల్లు మారినా పేరులో తప్పున్నా ఫారం 8. పుట్టింటి జాబితాలో పేరు ఇంకా ఉన్న పెళ్ళయిన ఆడపిల్లకి కావాల్సింది ఈ రెండోది. ఆన్‌లైన్లో పెట్టొచ్చు, లేదా మీ బూత్ లెవెల్ ఆఫీసరుకి ఇవ్వొచ్చు. ఎన్నికల ప్రకటన వచ్చాక పరుగెత్తితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు, ముందే చూసుకోమనండి. పిల్లల చేత వాళ్ళ వాళ్ళ అమ్మల పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో చూపించండి.

బందరు_పిన్ని:
అమ్మలవే కాదు, కొత్తగా ఇంటికొచ్చిన వదినల పేర్లు ముందు చూడమను.

మదనపల్లె_మల్లి:
సరే పిన్నీ. జనవరి 25 ఓటర్ల దినం కదా, ఆరోజుకి గోడ పత్రిక తయారవుతుంది. మా ఊరి చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే రండి. ఫారం 8 నింపడం నేర్పించడానికి ఒక మనిషి కావాలి.

రాయలసీమ_రవి:
నేను పీలేరులోనే ఉంటాను మేడం. వస్తాను.